నడుమ జాగా ఉన్నది

మా ఈత బ్యాచ్‌కు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. ఆ రోజు పొద్దున స్కూల్లో ప్రార్థన జరుగుతుండగా అందులో అంగన్‌వాడీ సుజాత ఒకే ఒక్క ముక్క పెట్టింది. "కండక్టరక్క పోయింది."

"ఎక్కడికి?" అని ఇంకొకామె అడిగింది.

ఆమెను తప్పుపట్టలేం. కండక్టరక్క ఎప్పుడూ ఎక్కడికో ఒక దగ్గరికి పోతూనే ఉండేది. ఈత కొట్టినా, గ్రౌండులో నడిచినా, జిమ్ములో సైకిలు తొక్కినా, ఆమె దృష్టిలో అది నల్లగొండ నుంచి హైదరాబాదుకు పోయే బస్సే. అందుకని సుజాత ఇంకో ముక్క పెట్టాల్సి వచ్చింది. "నిద్రలనే పోయిందంట. పొద్దుగాల లేపితే లేవలేదంట." అప్పుడు గ్రూపంతా చేతులు జోడించిన బొమ్మలతో నిండిపోయింది. నేను పిల్లల ముందు ఏడవకూడదని స్టాఫ్‌రూములోకి వెళ్లి, బీరువా వెనక నిలబడి ఏడ్చాను.

సాయంత్రం అందరం కలిసి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కొట్టిద్దామని షాపుకు పోయాం. షాపతను కంప్యూటర్ ముందు కూర్చుని పేరు చెప్పమన్నాడు. మేం పద్నాలుగు మంది ఆడవాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మూడేళ్లు ఒకే నీళ్లలో మునిగి తేలిన మనిషి పేరు ఒక్కరికీ తెలియదు. నా ఫోన్‌లో ఆమె నంబరు "కండక్టరక్క ఈత" అని ఉంది. సుజాత ఫోన్‌లో, ఎప్పుడూ ఈల వేస్తుంటుందని, "సీటీ అక్క". కోచ్ సారుకు ఫోన్ చేస్తే, ఆయన కాసేపు నీళ్లు నమిలి, తన ఫోన్‌లో "తలనొప్పి" అని ఉందని ఒప్పుకున్నాడు.

తర్వాత వాళ్లింటి ముందు కట్టిన ఫ్లెక్సీ మీద ఆమె పేరు చూశాను. చక్కటి పేరే. కానీ అది ఇక్కడ రాయను. ఆ పేరుతో వెనక నుంచి పిలిస్తే ఆమె తిరిగి చూసేది కాదని నాకు గట్టి నమ్మకం.

నేను ఆమెను మొదటిసారి చూసింది నీళ్లలోనే. అక్కడికి నన్ను తరిమింది నా వెన్నుపూస. నలభై నాలుగేళ్లకే నా వెన్నులో ఒక డిస్కు తన చోటు వదిలి పక్కకు జరిగింది. బ్లాక్‌బోర్డు మీద పైవరుస రాయాలంటే ప్రాణం పోయేది. డాక్టరు ఫిల్ము వెలుతురులో పెట్టి చూసి, "పొద్దున నడక, జిమ్ములో తేలికైన కసరత్తు, వాటితో పాటు వారానికి మూడు నాలుగు రోజులు ఈత. ఆరు నెలలు చూద్దాం. లేదంటే ఆపరేషన్" అన్నాడు. నాకు కత్తి అంటే భయం. అంతకంటే భయం, ఏ పనీ ఆరు నెలలు చెయ్యలేని నా స్వభావం. యోగా నాలుగు రోజులు చేశాను. జుంబా రెండు రోజులు. కొన్న సైకిలు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. ఈత అనగానే మా ఆయన ఎంతో మర్యాదగా, "ఎన్ని రోజులు అనుకుంటున్నవు?" అని అడిగాడు.

నిజానికి నాకు ఈత వచ్చు. ఆలేరు దగ్గర మా ఊరి పొలంలో మోటబావి ఉండేది. మా బాపు నా వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి, బావిలోకి తోసి నేర్పాడు. పన్నెండేళ్లు నిండగానే మా అవ్వ "ఇగ సాలు, పెద్దపిల్లవైతున్నవు" అంది. ఆ రోజు మెట్లెక్కి వచ్చినదాన్ని మళ్లీ దిగలేదు. కొన్నాళ్లకు బావిలో నీళ్లూ పోయాయి, దాన్ని పూడ్చి ఆ జాగాలో పత్తి పెట్టారు. ఒకసారి నేర్చుకున్న ఈత ఒళ్లు మరిచిపోదని అందరూ అంటారు. నా ఒళ్లు శుభ్రంగా మరిచిపోయింది. నీళ్లలో కాలికి నేల తగలకపోతే పుట్టే భయం మాత్రం ఎక్కడి నుంచో కొత్తగా నేర్చుకుంది.

మేం ఈతకు పోయేది ఊరి చివర ఒక ఫంక్షన్ హాలు వెనక ఉన్న కొలనుకు. యజమాని దాన్ని కట్టించింది పెళ్లి ఫొటోల కోసం. ఎవరికో ఆలోచన వచ్చి, ఖాళీ రోజుల్లో సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఆడవాళ్లకు ఈత నేర్పడం మొదలుపెట్టారు. ఖాళీ రోజులంటే ముహూర్తాలు లేని రోజులు. కాబట్టి మా టైంటేబులు పంచాంగంలో ఉండేది. మంచి రోజులన్నీ మాకు చెడ్డ రోజులు. మాఘమాసం వచ్చిందంటే మా ఒంట్లో కొవ్వు పెరిగేది. ముందు రోజు హల్దీ జరిగి ఉంటే నీళ్లు పచ్చగా ఉండేవి. అలాంటి ఒక రోజు ఈదుకుని ఇంటికి పోతే, మా అత్తగారు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎవరి పెండ్లికి పోయినవు? నాకు చెప్పనన్న చెప్పలేదు" అంది.

కండక్టరక్క వారం వారం గుడికి పోయి పంతులుగారిని ఒకటే అడిగేది. "పంతులూ, మూఢం ఎప్పుడొస్తది?"

ఆయన పాపం ప్రతిసారీ ఉలిక్కిపడేవాడు. "మూఢం ఎప్పుడు పోతదని అడుగుతారమ్మా లోకంలో. ఎప్పుడొస్తదని అడిగేదానివి నువ్వొక్కదానివే."

"మూఢంల పెండ్లిళ్లుండవు కదా పంతులూ. దినాం ఈత కొట్టొచ్చు. జర దగ్గర్ల ఏమన్న ఉంటే చూడు."

ఇక నా మొదటి రోజు సంగతి. కొలనుకు ఒక పక్క మెట్లు, మెట్లకు ఇనుప కడ్డీ. మా బ్యాచ్ మొత్తం ఆ కడ్డీని పట్టుకుని, రెండు మెట్ల మీద, ఒకరి భుజం ఒకరికి రాసుకుంటూ నిలబడి ఉంది. మిగతా కొలనంతా నిర్మానుష్యం. నేనూ పోయి, బళ్లో టీచరునని చెప్పుకుని, ఆ గుంపులో ఇరుక్కున్నాను. అప్పుడు నీళ్ల మధ్య నుంచి ఒక గొంతు వినపడింది. అరవై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా, తలకు ఆకుపచ్చ రబ్బరు టోపీ, ఛాతీ లోతు నీళ్లలో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఉంది.

"జరగాలె, జరగాలె! ఫుట్‌బోర్డు మీద నిలవడొద్దు. లోపలికి రాన్రి. నడుమ జాగా ఉన్నది!"

నేను నవ్వాను. చేతిలో కడ్డీ మాత్రం వదల్లేదు.

"ఓ కొత్త టీచరమ్మా, నీకే చెప్తున్న. కడ్డీ పట్టుకోని వేలాడితే పడ్తవు. లోపలికి జరుగు బిడ్డా, ముంగట మస్తు జాగా ఉన్నది."

ఇరవై ఏళ్లకు పైగా ఆమె రోజూ చెప్పిన మాట అదే. నల్లగొండ, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, హైదరాబాదు. పోవడం, రావడం. రిటైరైన తర్వాత మోకాళ్లు మొరాయించడంతో ఆమెనూ డాక్టరు ఈతకు తోలాడు. రిటైరైన సంగతి మిగతా ఒంటికి చెప్పడం ఆమె మరిచిపోయినట్టుంది. కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. చాయ్ నిలబడే తాగేది. పొద్దున కాలేజీ గ్రౌండులో నడిచేటప్పుడు కూడా, అంత పెద్ద గ్రౌండులో, ఒక భుజం ముందుకు పెట్టి, ఒంటిని పక్కకు తిప్పుకుని, లేని జనం మధ్య నుంచి దారి చేసుకుంటూ నడిచేది. ఎదురుగా ఎవరైనా వస్తే "జర తప్పుకో అన్నా" అనేది. అటు ఇటు బోలెడంత నేల ఉన్నా వాళ్లు తప్పుకునేవాళ్లు.

జిమ్ములో ట్రెడ్‌మిల్లు ఎక్కిన మొదటి రోజు మేమంతా ముందున్న రాడ్డును పట్టుకుని పరుగెత్తుతుంటే, ఆమె చేతులు కట్టుకుని హాయిగా నడిచింది. కదిలే నేల మీద పట్టు లేకుండా నిలబడటం ఆమెకు కొత్త కాదు. పది నిమిషాలయ్యాక ట్రైనర్‌ను పిలిచింది.

"తమ్మీ, గిది ఎంత దూరం పోయింది?"

"ఒక కిలోమీటరు మేడం."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురుగా అదే గడియారం సెంటరు, అదే అరటిపండ్ల బండి. "ఏడ పోయింది? గీడనే ఉన్నది కదా. బండి ఖరాబైంది, దించు నన్ను" అంది. ఆ తర్వాత జిమ్ముకు వచ్చినా ట్రెడ్‌మిల్లు వైపు చూడలేదు. నీళ్లలోనైతే అవతలి ఒడ్డన్నా వస్తుంది అనేది.

ఆ అవతలి ఒడ్డు హైదరాబాదులోని ఇమ్లీబన్ బస్టాండు. మెట్ల పక్క నల్లగొండ. కొలను పొడుగునా పెళ్లి లైట్లు కట్టే స్తంభాలు మూడు ఉండేవి. మొదటిది నార్కట్‌పల్లి, రెండోది చిట్యాల, మూడోది చౌటుప్పల్. ఆమె ఈదుతూ ఒక్కో స్తంభం దగ్గరికి రాగానే పేరు గట్టిగా చెప్పి, "దిగేటోళ్లున్నరా?" అని వెనక్కి తిరిగి చూసేది. తల ఎప్పుడూ నీళ్ల పైనే ఉండేది. ఆమెది గొర్రెలు కాసే ఇల్లు. ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను వాగులో ఈదిస్తారు కదా, చిన్నప్పుడు వాటి వెంట పడి, పొట్టేలు ఎలా ఈదితే అలా నేర్చుకుంది. గడ్డం పైకెత్తి, ముందుకు చూస్తూ, ఎవరినీ లెక్కచెయ్యకుండా పోయేది. కోచ్ సారు సైన్యంలో చేసి వచ్చిన మనిషి. ఆయనకు ఈ ఈత చూస్తే కడుపు మండేది.

"తల నీళ్లలో పెట్టాలమ్మా! ఊపిరి లోపల వదలాలి!"

"తల లోపల పెడితే ప్యాసింజర్లు ఎట్ల కనవడ్తరు సారు?"

ఇంకా చౌటుప్పల్ స్తంభం దగ్గర ఆమె తప్పకుండా ఆగేది. అక్కడ గట్టు మీద ఆమె ఫ్లాస్కు ఉండేది. గట్టు పట్టుకుని, మెడ లోతు నీళ్లలో వేలాడుతూ, స్టీలు మూతలో చాయ్ పోసుకుని ఊదుకుంటూ తాగేది. "బండి పది నిమిషాలు ఆగుతది. చాయ్ తాగేటోళ్లు తాగున్రి" అని మాకు కూడా చెప్పేది. కోచ్ సారు తల పట్టుకునేవాడు. ఆయన ఫోన్‌లో ఆమె పేరు అలా ఎక్కిందంటే ఎక్కదా మరి?

అయితే ఆయనకు అసలు తలనొప్పి సీటీల దగ్గర వచ్చింది. సైన్యంలో నేర్చుకున్నట్టు ఆయన పొడుగ్గా ఒక్క సీటీ కొడితే బయలుదేరాలి. కండక్టరక్క ఒక్క సీటీ వినపడగానే ఎక్కడున్నది అక్కడ ఆగిపోయేది.

"పోవాలమ్మా! సీటీ కొట్టిన కదా!"

"ఒక్క సీటీ అంటే ఆగుడు సారు. రెండు సీటీలంటే పోవుడు. గిది దునియా మొత్తానికి తెలుసు."

"ఇది బస్సు కాదమ్మా!"

"ఏదైతేంది సారు, రూలు రూలే."

ఆయన ఒక్కటే కొట్టేవాడు. ఆమె రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని రెండు కొట్టేది. పైగా "రైట్, రైట్" అనేది. మేం ఆ రెండింటికి గానీ కదిలేవాళ్లం కాదు. ఎవరి మాట వినాలన్న అనుమానం మాకు ఒక్కరోజు కూడా రాలేదు. ఆయన సీటీ వింటే భయమేసేది, ఆమెది వింటే కాళ్లు వాటంతటవే కదిలేవి. మూడేళ్లు ఈ యుద్ధం సాగింది. ఆయన రెండో సీటీ కొట్టలేదు, ఆమె ఒక్కదానికి కదల్లేదు.

ఆరు కాగానే ఆమె ముందుగా గట్టెక్కి, మా తలలు లెక్కపెట్టేది. వేలు చూపిస్తూ, పెదాలు కదుపుతూ, రెండుసార్లు. "పద్నాలుగు. ఎక్కిన్రు పద్నాలుగు, దిగిన్రు పద్నాలుగు. ట్రిప్పు క్లోజ్." ఆ మాట అన్న తర్వాతే మమ్మల్ని బట్టలు మార్చుకోనిచ్చేది. ఒకరోజు సుజాత అడిగింది.

"అక్కా, నీతోని పదిహేను కదా. నిన్ను నువ్వు లెక్కవెట్టుకోవా?"

"కండక్టరు ప్యాసింజరా? ప్యాసింజర్లు మీరు."

"మరి నువ్వు మునిగితే ఎట్ల తెలుస్తది?"

"నేను మునిగితే మీరెట్ల దిగుతరు? నేనెందుకు మునుగుత? ఏం మాటలే గవి!" అని సుజాత నెత్తి మీద టోపీని చెంపదెబ్బ కొట్టినట్టు కొట్టింది.

నా సంగతికి వస్తే, నా స్టేజీ చిట్యాల. రెండో స్తంభం దాటితే నేల అందదు. అక్కడికి రాగానే నా చెయ్యి దానంతటదే గట్టు పట్టుకునేది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. "టీచరమ్మా, నీది చిట్యాలనే కదా?" అని ఆమె ఏమాత్రం ఎగతాళి లేకుండా అడిగేది. "ఔనక్కా" అని దిగిపోయేదాన్ని. నాలుగో నెలలో డాక్టరు, సగం కొలను ఈదితే సగం వెన్నే బాగవుతుందన్నాడు. ఆ రోజు వచ్చి ఆమెతో, నేనిక మానేస్తానన్నాను. ఆపరేషనే చేయించుకుంటా, నాకు చేతకాదు, నా బతుకంతా ఇంతే, ఏదీ చివరిదాకా చెయ్యలేదన్నాను. ఏడుపు కూడా వచ్చింది. నీళ్లలో ఏడిస్తే ఎవరికీ తెలియదనుకున్నాను గానీ ఆమెకు తెలిసింది.

ఆమె చాయ్ మూత నాకిచ్చింది. "నా సర్వీసు మొత్తంల నాకు ఒక్కనాడు నాన్‌స్టాప్ డ్యూటీ ఎయ్యలే బిడ్డా. నల్లగొండల ఎక్కితే ఇమ్లీబన్‌ల దిగుడే, నడుమ ఏడ ఆగకుంట. గా బస్సు మా బస్సును దాటిపోతాంటే చూస్తుంటి. నాకు గూడ ఒక్కసారి గట్ల పోవాలెనని ఉంటది. పోతనా? చౌటుప్పల్ల చాయ్ యాదికొస్తది, ఆగుత. నేనెన్నడు అన్నన్నా, నాకు శాతగాదని? నువ్వు చిట్యాల దాక పోతున్నవు. అక్కడి నుంచి బస్సులు మస్తుంటయి."

నేను మానలేదు. ఆ మాటలో ధైర్యం చెప్పింది ఏముందో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. చాయ్ మాత్రం బాగుంది.

తర్వాతి నెలలో మహబూబ్‌నగర్‌లో నలభై దాటిన ఆడవాళ్లకు ఈత పోటీ ఉందని కోచ్ సారు నా పేరు, సుజాత పేరు, కిరాణా షాపు పద్మ పేరు ఇచ్చి వచ్చాడు. ఒక్క పొడుగు ఈదితే చాలు. నేనేమో చిట్యాలే దాటనిదాన్ని. మాకు తోడుగా కండక్టరక్క బయలుదేరింది.

దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పోయే బస్సెక్కాం. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడంతో బస్సు కిటకిటలాడుతోంది. ఎవరో లేచి సీటిస్తే కండక్టరక్క అందులో నన్ను కూర్చోబెట్టి, తను నడుమ నిలబడింది. ఆ బస్సు కండక్టరు చిన్నవయసు ఆడపిల్ల, పాపం ఆధార్ కార్డులు చూసి చూసి, జీరో టికెట్లు కొట్టి కొట్టి అలిసిపోయి ఉంది. దేవరకొండ వచ్చేసరికి మా అక్క ఆ పిల్లతో మాట కలిపింది. "నువ్వు జర కూసో బిడ్డా, ఎక్కేటోళ్లను నేను సర్దుత" అంది. కల్వకుర్తి వచ్చేసరికి బస్సులో వెనకున్న జనం ముందుకూ, ముందున్న జనం నడుమకూ జరిగి, ఎక్కడెక్కడివాళ్లో కుదురుకున్నారు. జడ్చర్లలో దిగే ముసలాయన ఒకడు మా అక్కకు దండం పెట్టి, "గింత మంచిగ ఎన్నడు పోలేదవ్వా" అని దిగిపోయాడు. నాకు అప్పటిదాకా భయమే గుర్తు రాలేదు.

కొలను చూడగానే గుర్తొచ్చింది. మా దానికంటే పెద్దది, నీళ్లు నీలంగా, అడుగు కనపడనంత లోతు. ఆరుగురం ఒడ్డు పట్టుకుని నీళ్లలో సిద్ధంగా ఉన్నాం. మేం ముగ్గురం, వేరే ఊళ్లవాళ్లు ముగ్గురు. పక్కన మెట్ల మీద జనం. వాళ్లలో ఆకుపచ్చ టోపీ కనపడుతోంది. ఈదకపోయినా టోపీ పెట్టుకునే వచ్చింది.

రెఫరీ పొడుగ్గా ఒక్క సీటీ కొట్టాడు.

వేరే ఊళ్ల ముగ్గురు నీళ్లు చిమ్ముకుంటూ బయలుదేరారు. మేం ముగ్గురం కదల్లేదు. భయపడి కాదు. ఒట్టు, నాకు ఆ క్షణాన భయం లేదు. ఒక్క సీటీ పడింది, ఆగాం. ఎవరో దిగాలి కాబోలు, దిగాక పోదామనుకున్నాను. పక్కకు చూస్తే సుజాత కూడా ఎంతో ఓపిగ్గా ఎదురుచూస్తోంది. పద్మ వెనక్కి తిరిగి, ఎవరు దిగుతున్నారా అని చూస్తోంది.

జనం గొల్లున నవ్వారు. రెఫరీ మళ్లీ ఒక్క సీటీ కొట్టాడు. మేం ఇంకా గట్టిగా ఆగాం. కోచ్ సారు ఒడ్డు మీద అటూ ఇటూ ఉరుకుతూ, "పోండమ్మా! మీ కాళ్లు మొక్కుత, పోండి!" అని అరుస్తున్నాడు. అవతల ముగ్గురూ సగం దాటారు.

అప్పుడు మెట్ల మీది నుంచి రెండు సీటీలు వినపడ్డాయి.

"రైట్, రైట్!"

ముగ్గురం ఒక్కసారే కదిలాం. ఎలా ఈదానో నాకు తెలియదు. చేతులు వేస్తున్నాను, కాళ్లు కొడుతున్నాను. నడుమకు రాగానే కింద నేల లేదన్న సంగతి కాళ్లకు తెలిసింది. నోట్లోకి నీళ్లు పోయాయి. వరుసల మధ్య కట్టిన తాడు వైపు చెయ్యి సాచాను. చిట్యాల వచ్చింది, దిగుదామనుకున్నాను. అప్పుడు ఒడ్డు వెంట, భుజం ముందుకు పెట్టి, జనాన్ని తోసుకుంటూ ఆ మోకాళ్లతోనే ఉరుకుతున్న ఆకుపచ్చ టోపీ కనపడింది.

"చిట్యాల స్టాప్ లేదు! టీచరమ్మా, చిట్యాల స్టాప్ లేదు! జరుగు బిడ్డా, ముంగట జాగా ఉన్నది! నాన్‌స్టాప్, నాన్‌స్టాప్!"

తాడు పట్టుకోలేదు. అవతలి గోడకు నా చెయ్యి తగిలింది. అప్పటికి రెఫరీ బహుమతుల పేర్లు రాసుకుంటున్నాడు. మేం ముగ్గురం నాలుగు, ఐదు, ఆరు. ఆరు నాది.

"సీటీ కొడితే ఎందుకు ఆగిండ్రమ్మా?" అని రెఫరీ కోపంగా అడిగాడు. కోచ్ సారు తల దించుకున్నాడు.

"కొట్టుడు మీరే తప్పు కొట్టిండ్రు సారు" అంది కండక్టరక్క ఆయాసపడుతూ. తర్వాత మా వైపు వేలు చూపించి, పెదాలు కదిపి, రెండుసార్లు లెక్కపెట్టింది. "ఎక్కిన్రు ముగ్గురు, దిగిన్రు ముగ్గురు. ట్రిప్పు క్లోజ్."

ఇంటికి రాగానే మా ఆయన ఎన్నో స్థానమని అడిగాడు. ఆఖరు అన్నాను. నా మొహంలో సంతోషం చూసి ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఆరు నెలలు నిండాక డాక్టరు నన్ను వంగమన్నాడు, లేవమన్నాడు, ఇక కత్తి అక్కర్లేదన్నాడు. ఈ విషయం కండక్టరక్కకు చెప్తే, "మరి ఈత బందు చేస్తవా?" అని ముందుగా అదే అడిగింది. లేదన్నాను. అప్పుడు నవ్వింది.

ఈ ఏడాది పెళ్లిళ్లు మరీ ఎక్కువైపోయి, వారాల తరబడి మాకు కొలను దొరకలేదు. కండక్టరక్క పంతులుగారి దగ్గర మూఢం తేదీ రాయించుకుని వచ్చి, గ్రూపులో గొంతు రికార్డు చేసి పెట్టింది. "గీ మూఢంల నేను చౌటుప్పల్ల ఆగ. ఫ్లాస్కు ఇంటి కాడనే పెట్టొస్త. పోవుడు రావుడు నాన్‌స్టాప్. మీరంత చూడాలె." ఆ గొంతు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మూఢానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయనగా ఆమె పోయింది.

మూఢం మొదటి రోజు సాయంత్రం అందరం వచ్చాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అయినా ఒక్కరు తప్పిపోలేదు. నీళ్లలోకి దిగి, కడ్డీ పట్టుకుని, రెండు మెట్ల మీద ఇరుక్కుని నిలబడ్డాం. నేను వచ్చిన మొదటి రోజు ఎలా నిలబడ్డామో అలాగే. కోచ్ సారు సీటీ నోట్లో పెట్టుకున్నాడు గానీ కొట్టలేదు. చౌటుప్పల్ స్తంభం దగ్గర గట్టు ఖాళీగా ఉంది.

ఏం చెయ్యాలో తెలియక నేను తలలు లెక్కపెట్టాను. పద్నాలుగు. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్లీ చూశాను. పద్నాలుగే. ఎప్పుడూ ఉండే లెక్కే, ఒక్కరు కూడా తగ్గలేదు. నాకు ఒళ్లు మండింది. అంత మనిషి పోతే లెక్క ఎలా సరిపోతుంది? ఆమె తనను తాను ఎన్నడూ లెక్కలో వేసుకోలేదు కదా, అందుకని ఆమె పోయినా తేడా రావడం లేదు.

కడ్డీ వదిలేశాను. నీళ్ల మధ్యకు నడిచి, ఆమె నిలబడే చోట, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాను. వెనక్కి తిరిగి, వేలు చూపిస్తూ, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఈసారి నన్ను వదిలేశాను.

పదమూడు. ఒకరు తక్కువ. అప్పుడు నా మనసు కుదుటపడింది.

"జరగాలె, జరగాలె" అన్నాను. ఇంకోసారి గట్టిగా అన్నాను. "ఫుట్‌బోర్డు మీద నిలవడొద్దు. లోపలికి రాన్రి. నడుమ జాగా ఉన్నది."

కోచ్ సారు రెండు సీటీలు కొట్టాడు.